బేస్‌బాల్ స్ప్రెడ్ బెట్టింగ్: ఆ ఒకటిన్నర రన్ను లెక్క ఏంటంటే

ముందే ఒక మాట చెప్పేస్తా. నేనుండేది న్యూజెర్సీలో, ఇక్కడ 21 ఏళ్లు దాటినవాళ్లకి స్పోర్ట్స్ బెట్టింగ్ లీగల్. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు బెట్టింగ్ సంగతి రాష్ట్రాలకే వదిలేస్తూ తీర్పు ఇచ్చింది చూడండి, ఆ కేసులో స్పోర్ట్స్ లీగులతో ఏళ్ల తరబడి కొట్లాడింది మా రాష్ట్రమే. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో లేదు, కాబట్టి డాలస్ వాళ్లు, బే ఏరియా వాళ్లు నన్ను తిట్టుకోకండి. ఇక మన తెలంగాణలో, ఆంధ్రాలో ఆన్‌లైన్ బెట్టింగ్ నేరం, 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది, అక్కడున్నోళ్లు లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోడానికి చదవండి అంతే, ఎవడో టెలిగ్రామ్‌లో లింక్ పంపాడని నొక్కకండి.

మొన్న మా బావమరిది ఇంటికొచ్చి టీవీలో మ్యాచ్ చూస్తూ స్క్రీన్ కింద మైనస్ 1.5 అని ఉంటే "ఇదేంటి బావా, అర రన్ను ఎట్లా కొడతారు" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మామూలు పందెం అంటే ఎవరు గెలుస్తారు అని, దాన్ని ఇక్కడ మనీలైన్ అంటారు. ఫేవరెట్ టీమ్‌కి, అంటే గెలుస్తుందని అందరూ అనుకునే టీమ్‌కి, మైనస్ 180 అని ఉంటే 100 డాలర్ల లాభం కోసం 180 కాయాలి, అవతలి టీమ్‌కి ప్లస్ 155 అంటే 100 కాస్తే 155 లాభం. స్ప్రెడ్ అంటే గెలుపోటములు కాదు, తేడా ఎంత అనేది. బేస్‌బాల్‌లో దాన్ని రన్ లైన్ అంటారు, అది దాదాపు ఎప్పుడూ ఒకటిన్నరే. ఫేవరెట్ మీద మైనస్ 1.5 కాస్తే ఆ టీమ్ 2 రన్నులు, ఆ పైన తేడాతో గెలవాలి. 5-4తో గెలిస్తే టీమ్ గెలిచినట్టు, మన డబ్బు పోయినట్టు. ప్లస్ 1.5 కాస్తే మన టీమ్ గెలిచినా సరే, ఒక్క రన్నుతో ఓడినా సరే, మనకి డబ్బులొస్తాయి. ఆ అర ఎందుకంటే లెక్క సమానమై ఎవరి డబ్బు వాళ్లకి తిరిగిచ్చే పరిస్థితి రాకుండా.

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. అక్కడ రేటు రెండు వైపులా మైనస్ 110 దగ్గర ఉంటుంది, తేడా నంబరు మాత్రం 3 అని, 7 అని, 10 అని మారుతుంది. బేస్‌బాల్‌లో నంబరు కదలదు, రేటు కదులుతుంది. రన్నులే తక్కువ కదా, మ్యాచ్ మొత్తం మీద ఇద్దరూ కలిపి ఎనిమిదో తొమ్మిదో కొడతారు, అందులో మళ్లీ 6 రన్నుల తేడా పెడితే ఎవడు కాస్తాడు. పైన చెప్పిన మైనస్ 180 టీమే రన్ లైన్‌లో మైనస్ 1.5 పెట్టుకుంటే ప్లస్ 115 అయిపోతుంది, అవతలి టీమ్ ప్లస్ 1.5తో మైనస్ 135 అవుతుంది. అంటే ఎవరు ఫేవరెట్ అనేదే తిరగబడిపోయింది.

ఇక్కడ కాలిక్యులేటర్ తియ్యండి, అసలు సంగతి ఇదే. మైనస్ రేటుని శాతంలోకి మార్చాలంటే ఆ అంకెని, దానికి 100 కలిపిన అంకెతో భాగించడం, 180ని 280తో భాగిస్తే 64.3 శాతం. ప్లస్ అయితే 100ని, ఆ అంకెకి 100 కలిపినదాంతో భాగించడం, 100ని 215తో భాగిస్తే 46.5. అంటే బుకీ, అదే మన పందేలు తీసుకునేవాడు, ఈ టీమ్ గెలవడానికి 64, రెండు అంతకంటే ఎక్కువ తేడాతో గెలవడానికి 46 అంటున్నాడు, మధ్యలో ఉన్న ఆ 18 శాతం సరిగ్గా ఒక్క రన్నుతో గెలిచే ఛాన్స్. మైనస్ 1.5 కాసేవాడు నిజానికి కాసేది ఆ 18 మీదే, అది రాదు అని. మేజర్ లీగ్‌లో, అంటే ఇక్కడి టాప్ బేస్‌బాల్ లీగ్‌లో, పది మ్యాచుల్లో సుమారు మూడు ఒక్క రన్ను తేడాతోనే తేలతాయి, కాబట్టి అది చిన్న విషయమేం కాదు. ఇంకోటి, రెండు వైపుల శాతాలు కలపండి, 46.5, 57.4 కలిపితే 103.9 వస్తుంది, వందకి పైనున్న ఆ నాలుగు వాడి కమిషన్, ఇక్కడ జ్యూస్ అంటారు. మీరు ఏ వైపు కాసినా అది కట్టే లోపలికెళ్తున్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పాయింట్, నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. సొంత మైదానం టీమ్ మీద మైనస్ 1.5 కాసేముందు రెండుసార్లు ఆలోచించండి. ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో పైసగం బయటి టీమ్ బ్యాటింగ్, కిందిసగం హోమ్ టీమ్‌ది. హోమ్ టీమ్ ఎప్పుడూ రెండో బ్యాటింగే, అంటే మన క్రికెట్‌లో ఛేజింగ్ లాగా, టార్గెట్ దాటగానే ఆట బంద్. తొమ్మిదో ఇన్నింగ్స్ పైసగం అయ్యేసరికి హోమ్ టీమ్ 4-3తో ముందుంటే ఇక వాళ్లు బ్యాటింగే చెయ్యరు, మీకు ఇంకో రన్ను కావాలి గానీ ఆ రన్ను కొట్టే ఛాన్సే ఇవ్వరు. నేను సోఫాలో కూర్చుని ప్లేయర్లు చేతులు కలుపుకోడం చూస్తూ "అరే ఇంకో సగం ఉంది కదరా" అనుకున్నా, మా ఆవిడ నవ్వింది.

స్కోరు సమమై కిందిసగం ఆడినా అంతే. బేసులు, అంటే రన్నర్లు ఆగే చోట్లు, మూడూ నిండుండగా ఎవడో మైదానం చివరి గోడ దాకా కొట్టినా గెలుపు రన్ను ఒక్కటే లెక్క, వెనకాల పరిగెత్తుకొచ్చినవాళ్లు లెక్కలోకి రారు. బంతి గోడ దాటి హోమ్ రన్ అయితేనే అందరి రన్నులూ కలుపుతారు. పైగా 2020 నుంచి రెగ్యులర్ సీజన్‌లో పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక రన్నర్‌ని ఊరికే నిలబెడుతున్నారు, దాంతో బయటి నుంచొచ్చిన టీమ్ పైసగంలో రెండు మూడు కొట్టేసి పోవచ్చు, హోమ్ టీమ్ గెలిస్తే మాత్రం ఎక్కువగా ఒక్కదాంతోనే. అందుకే ఒకే బలం ఉన్న ఫేవరెట్‌కి కూడా హోమ్‌లో అయితే మైనస్ 1.5 రేటు ఎక్కువిస్తాడు, ఊరికే జాలి పడి ఇవ్వట్లేదు వాడు.

మిగతావి తొందరగా చెప్తా. మొత్తం రన్నుల అంచనా ఎంతో చూడండి, 7 అని ఉంటే ఒక్కో రన్నూ బంగారం, అక్కడ ప్లస్ 1.5కి విలువ ఎక్కువ. అదే డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్‌లో అయితే, సముద్ర మట్టానికి మైలు ఎత్తు, గాలి పల్చన, బంతి ఎగిరిపోతుంది, అక్కడ ఒకటిన్నర పెద్ద అడ్డం కాదు. స్టార్టింగ్ పిచర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే బౌలర్ లాంటివాడు, పేరు మారిందేమో కాసే ముందు మళ్లీ చూసుకోండి, రేటులో సగం అతనిదే. కానీ స్టార్టర్ ఆరో ఇన్నింగ్స్‌కి దిగిపోతాడు, మిగతా మూడు బుల్‌పెన్‌ది, అంటే తర్వాత దిగే పిచర్ల గుంపుది, నిన్న మొన్న వరసగా వేసి చేతులు పడిపోయిన బుల్‌పెన్ అయితే మూడు రన్నుల ఆధిక్యం కూడా ఒకటవుతుంది.

సీజన్‌లో ఒక్కో టీమ్‌కి 162 మ్యాచులు, అంటే రోజూ ఉంటుంది, నిన్న పోయింది ఇవ్వాళ లాగేద్దాం అనిపిస్తుంది. నేను ప్రతిదానికీ ఒకే మొత్తం, 10 డాలర్లు, కాఫీ ఖర్చులో పోయేంత. అప్పు మీద ఆడించే బుకీల జోలికి అసలు వెళ్లకండి, బేస్‌బాల్ స్టార్ ఓతానీ ఇంటర్‌ప్రెటర్ ఇప్పే మిజుహారా చట్టవిరుద్ధ బుకీకి కట్టడానికి ఓతానీ ఖాతాలోంచి దాదాపు 1.7 కోట్ల డాలర్లు లాగేసి 57 నెలల జైలు శిక్ష వేయించుకున్నాడు.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. అక్కడ స్ప్రెడ్ బెట్టింగ్ అంటే ఇది కాదు, షేర్ల లాగా కొనడం అమ్మడం. మొత్తం రన్నులు 8.4–8.8 అని రేటు పెడతాడు, ఎక్కువ వస్తాయనుకుంటే రన్నుకి 10 పౌండ్ల చొప్పున 8.8 దగ్గర కొంటారు, 15 వస్తే 62 పౌండ్ల లాభం, 3 వస్తే 58 పోతాయి. ఎంత తప్పైతే అంత పోతుంది, కాసినంత పోయి ఆగదు. పేరు ఒకటే అని ఇక్కడి ధైర్యంతో అక్కడ దిగకండి.

చివరగా వాన. బుకీ రూల్స్ పేజీ చదవండి, వాడికీ వీడికీ తేడాలుంటాయి గానీ మామూలుగా మనీలైన్‌కి ఐదు ఇన్నింగ్స్ అయితే చాలు, రన్ లైన్‌కి మాత్రం తొమ్మిదీ పూర్తవ్వాలి, హోమ్ టీమ్ ముందుంటే ఎనిమిదిన్నర. పోయినేడు నేనూ మా ఆఫీసులో ఒకతనూ ఒకే టీమ్ మీద కాశాం, తను మనీలైన్, నేను తెలివిగా ప్లస్ 1.5. ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి మా టీమ్ 6-1తో ముందుంది, కుండపోత, గంటన్నర చూసి మ్యాచ్ అయిపోయిందన్నారు. తనకి డబ్బులొచ్చాయి. నాకు నా 10 డాలర్లు తిరిగొచ్చాయి.