ఎక్సెల్ స్వయంగా నేర్చుకుందాం – పాఠం 7: గడువు ముంచుకొస్తే మినుకుమనే సెల్

పోయిన పాఠంలో గుంటూరు కోల్డ్ స్టోరేజీ స్టాకు షీటు తయారుచేసి, గడువు దగ్గరపడిన మిర్చి లాట్లకు లేత ఎరుపు వేయించాం. వరసలు నలభై దాటాక ఆ ఎరుపు కంటికి అలవాటైపోతుంది. యార్డులో వేలం హడావిడి నడుస్తుంటే గుమస్తా చూపు దాని మీద పడనే పడదు. ఈసారి ఆ సెల్ వెలిగి ఆరేలా చేద్దాం.

నిజానికి ఎక్సెల్‌లో మినుకుమనే ఫార్మాట్ అంటూ ఏదీ లేదు. కండిషనల్ ఫార్మాటింగ్‌కు తెలిసింది ఒక్కటే: షరతు నిజమైతే రంగు వేయడం, కాకపోతే తీసేయడం. కాబట్టి ఆ షరతునే సెకనుకోసారి తారుమారు చేయిస్తే చాలు. మాక్రో (ఎక్సెల్‌తో పని చేయించే చిన్న ప్రోగ్రాము) చేతికి రాగానే రంగులు కూడా దానితోనే వేయించి, తుడిపించేవాళ్లు చాలామంది. నాకా పద్ధతి నచ్చదు. మాక్రో మధ్యలో ఆగిపోతే ఏ సెల్‌కు అసలు ఏ రంగుండాలో ఎవరూ చెప్పలేరు. ఏ లాటు వెలగాలో సూత్రం తేల్చాలి. మాక్రో గడియారంలా టిక్కుమంటే చాలు.

షీటులో ఎ నిలువు వరసలో లాటు నంబరు, బి లో రైతు పేరు, సి లో రకం, డి లో టిక్కీలు (మిర్చి బస్తాలు), ఇ లో గడువు తేదీ, ఎఫ్ లో సరుకు బయటికి వెళ్లిన తేదీ ఉన్నాయి కదా. హెచ్1 సెల్ మన గడియారం. అందులో 0 వేయండి. సూత్రాన్నీ మాక్రోనూ ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను; మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

ఇ2 నుంచి కిందికి ఎంచుకుని, కండిషనల్ ఫార్మాటింగ్‌లో కొత్త రూలు తీసుకుని, సూత్రంతో నిర్ణయించే రకం ఎంచి ఇది రాయండి:

=అండ్($ఇ2<>"", $ఎఫ్2="", $ఇ2<=టుడే()+7, $హెచ్$1=1)

ముదురు పసుపు రంగు ఇవ్వండి. మొదటి షరతును తేలిగ్గా తీసుకోవద్దు. ఖాళీ సెల్‌ను ఎక్సెల్ సున్నాగా లెక్కిస్తుంది, సున్నా ఏ తేదీకన్నా చిన్నదే. ఆ షరతు లేకపోతే కింద ఖాళీగా ఉన్న వరసలన్నీ దీపావళి చేసుకుంటాయి. రెండోది సరుకు వెళ్లిపోయిన లాటును ఆర్పేస్తుంది. కొత్త రూలు జాబితాలో తనంతట తానే పైన చేరుతుంది కాబట్టి పాత ఎరుపును తీసేయనక్కరలేదు; పసుపు ఆరినప్పుడు అదే కనిపిస్తుంది.

ఇక మాక్రో. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ తెరిచి:

పబ్లిక్ తర్వాత యాజ్ డేట్

సబ్ వెలుగు()
షీట్1.రేంజ్("హెచ్1").వేల్యూ = 1 - షీట్1.రేంజ్("హెచ్1").వేల్యూ
తర్వాత = నౌ + టైమ్‌వేల్యూ("00:00:01")
అప్లికేషన్.ఆన్‌టైమ్ తర్వాత, "వెలుగు"
ఎండ్ సబ్

సబ్ ఆపు()
ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్
అప్లికేషన్.ఆన్‌టైమ్ తర్వాత, "వెలుగు", , ఫాల్స్
షీట్1.రేంజ్("హెచ్1").వేల్యూ = 0
ఎండ్ సబ్

సబ్ మొదలు()
ఆపు
వెలుగు
ఎండ్ సబ్

ఒకటి నుంచి ఒకటి తీస్తే సున్నా, సున్నా తీస్తే ఒకటి. మొదటి వరసలోని కిటుకంతా అదే. ఆన్‌టైమ్ తర్వాతి సెకనుకు మళ్లీ అదే మాక్రోను పిలవమని ఎక్సెల్‌కు చెప్పి ఉంచుతుంది. రద్దు చేయాలంటే అదే సమయాన్ని అక్షరం తేడా లేకుండా చెప్పాలి, అందుకే దాన్ని పైన దాచుకున్నాం. బటన్‌కు ఎప్పుడూ 'మొదలు'నే తగిలించండి. 'వెలుగు'ను రెండుసార్లు నొక్కితే రెండు గడియారాలు నడుస్తాయి, 'ఆపు'కు వాటిలో ఒకటే దొరుకుతుంది.

ఆపకుండా ఫైలు మూసి ఎక్సెల్‌ను తెరిచే ఉంచితే, మాక్రో నడపడానికి ఎక్సెల్ ఆ ఫైలును తానే మళ్లీ తెరుస్తుంది. గుమస్తాలు దీన్ని వైరస్ అనుకోవడంలో వింత లేదు. ఎడిటర్‌లో దిస్‌వర్క్‌బుక్ మీద రెండుసార్లు నొక్కి, బిఫోర్‌క్లోజ్ సబ్‌లో 'ఆపు' అని ఒక్క మాట రాస్తే ఈ బెడద ఉండదు.

అంతకన్నా పెద్ద చిక్కు అన్‌డూది. మాక్రో సెల్‌ను మార్చిన ప్రతిసారీ అన్‌డూ జాబితా ఖాళీ అవుతుంది, కాపీ చేసినప్పుడు చుట్టూ కదిలే చుక్కల గీతా పోతుంది. అంటే మినుకు నడుస్తున్నంతసేపూ తప్పు కొడితే వెనక్కి తెచ్చుకునే దారి లేదు. టిక్కీల లెక్క ఎక్కించేటప్పుడు ఆపేయండి, ఎక్కించడం అయ్యాక మొదలుపెట్టండి. ఈ విషయంలో నేను రాజీపడను.

ఫైలును మాక్రోలు ఉండే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రకంగా దాచండి. ఫోనులో ఈ మాక్రో నడవదు. అక్కడ పాత ఎరుపే దిక్కు.

వచ్చే పాఠంలోపు సూత్రంలోని 7ను తీసి $హెచ్$2 పెట్టి, రోజుల సంఖ్యను హెచ్2 లో వేసి చూడండి. రకాన్ని బట్టి, తేజకు ఒక గడువు, 334కు మరొకటి ఇవ్వడం అక్కడి నుంచి మొదలుపెడదాం.