కారులో అదనపు పరికరాల వైరింగు: ఏ లక్షణానికి ఏది కారణం

వైరు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి; కరెంటు కొలిచేటప్పుడు మాత్రమే మళ్లీ తగిలించండి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి, దాని పసుపు కనెక్టర్ల జోలికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లొద్దు.

మూడు రోజులు ఆపితే బండి స్టార్ట్ కావడం లేదు

డాష్‌క్యామ్‌కు (అద్దం దగ్గర పెట్టి రోడ్డును రికార్డు చేసే కెమెరాకు) ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజు నుంచి వైరు తీశారన్నమాట. 0.3 ఆంపియర్లు లాగే కెమెరా రోజుకు 7 ఆంపియర్-అవర్లు తినేస్తుంది. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మూడు రోజులకు దాదాపు సగం అయిపోతుంది. తాళం ఆన్‌లో 12 వోల్టులు, ఆఫ్‌లో సున్నా చూపే ఫ్యూజుకు మార్చండి. కొన్ని ఫ్యూజులకు తాళం తీసిన కాసేపటిదాకా కరెంటు ఉంటుంది కాబట్టి, బండి లాక్ చేసి అరగంట ఆగి ఇంకోసారి కొలవండి.

స్టార్ట్ చేసేటప్పుడు పరికరం ఆరిపోయి వెలుగుతోంది

ఇది లోపం కాదు. స్టార్టర్ తిరిగేంతసేపు యాక్సెసరీ లైను (రేడియో లాంటి వాటికి వెళ్లేది) కరెంటు ఆగిపోతుంది. ఇబ్బందిగా ఉంటే, స్టార్ట్ చేసేటప్పుడు కూడా కరెంటు ఉండే ఇగ్నిషన్ లైనుకు మార్చుకోవచ్చు.

ఫ్యూజు ట్యాప్ పెట్టాక కంపెనీ ఫ్యూజు పోతోంది

ఫ్యూజు ట్యాప్ అంటే పాత ఫ్యూజు గాడిలో గుచ్చి, అక్కడినుంచే కొత్త పరికరానికి వైరు తీసుకునే ముక్క. చాలామంది చూసుకోనిది ఇక్కడే. ఫ్యూజు ట్యాప్‌ను తిరగేసి పెడితే కొత్త పరికరం కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది, దాని మీద రెండు లోడులు పడతాయి. పాత ఫ్యూజు పీకి, తాళం ఆన్ చేసి, రెండు గాళ్లనూ మీటరుతో చూడండి. 12 వోల్టులు వచ్చేది సరఫరా గాడి. ట్యాప్‌లో వైరు లేని వైపు కాలు ఆ గాడిలోకి రావాలి. పరికరానికి విడిగా ఫ్యూజు వేయండి: డాష్‌క్యామ్‌కు 2 లేదా 3 ఆంపియర్లు చాలు.

స్విచ్ వేడెక్కుతోంది, వైరు వాసన వస్తోంది

55 వాట్ల ఫాగ్ లైట్లు రెండూ కలిసి 9 ఆంపియర్ల పైచిలుకు లాగుతాయి. అంత లోడు తాళం లైను (తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు) మీద పెట్టకూడదు. అక్కడినుంచి సంకేతం మాత్రమే తీసుకుని, అసలు కరెంటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ద్వారా బ్యాటరీ నుంచి తీసుకోవాలి. రిలే కాళ్ల మీద ఉండే అంకెల ప్రకారం 30కి బ్యాటరీ పాజిటివ్, 87కి లైట్లు, 86కి స్విచ్ మీదుగా తాళం లైను, 85కి ఎర్తు (కారు బాడీకి బిగించే నెగటివ్ వైరు). రిలే కాయిల్ సుమారు 0.15 నుంచి 0.2 ఆంపియర్లే తీసుకుంటుంది. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు, బ్యాటరీకి మధ్య ఉన్న వైరు ముక్క కారు బాడీకి తగిలితే కాపాడేది ఏదీ ఉండదు మరి.

లైటు మసకగా ఉంది, రిలే టకటకలాడుతోంది

ముందు ఎర్తును చూడండి. లైటు వెలుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్తు బోల్టుకు మధ్య కొలవండి. 0.2 వోల్టులు దాటితే పెయింటు గీకి, రింగు లగ్గును (వైరు చివరి గుండ్రటి లోహపు ముక్కను) గట్టిగా బిగించండి.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతోంది

పెద్ద ఫ్యూజు వేయడం ప్రమాదం, ఈసారి వైరే కాలుతుంది. ఇంజన్ గోడలో రంధ్రం దాటే చోట వైరు ఒరుసుకుపోయిందేమో చూడండి. దెబ్బతిన్న ముక్క మార్చి, ఆ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) వేయండి.