కారు పాఠాలు – 7: ముందు మూల సంగతి

గత పాఠంలో డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో వచ్చే హెచ్ ట్రాక్ (హెచ్ అక్షరం ఆకారపు దారి) మీద రివర్స్ తీయడం గురించి రాస్తూ, మలుపు దగ్గరి పోల్ కుడి సైడు అద్దంలో వెనక తలుపు పిడి పక్కకు రాగానే స్టీరింగును కుడివైపు పూర్తిగా తిప్పమని చెప్పాను. ఆ ఒక్క వాక్యం తెచ్చిపెట్టిన తంటా ఇంతా అంతా కాదు. పాఠం చదివి పరీక్షకు వెళ్లిన వారిలో ముగ్గురు తప్పామని రాశారు. ముగ్గురూ పోల్‌ను తాకారు, అదీ వెనక బంపరుతో కాదు, ముందు ఎడమ మూలతో. "మీరు చెప్పిన గుర్తు చూసుకునే తిప్పానండీ, వెనకంతా సవ్యంగానే ఉంది, ముందు నుంచి టక్కుమని చప్పుడొచ్చింది" అని ఒక పాఠకురాలు వాపోయారు. ఆ చప్పుడుకు బాధ్యత నాదే. ఈసారి మొదటి కారు ఎంపిక గురించి రాస్తానని మాట ఇచ్చాను గాని, ముందు ఈ లెక్క తేలాలి. ఇది తేలితే కారు ఎంపికలో సగం పని దానితోనే తెములుతుంది.

తప్పినవారు గుర్తుంచుకోవలసినది ఒక్కటే: మళ్లీ పరీక్షకు రావడానికి ఏడు రోజుల గడువు ఉండాలి, మూడుసార్లు తప్పితే మాత్రం చివరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు) ఆరు నెలలు చెల్లుతుంది కనుక, ఎనిమిదో రోజునే స్లాటు తీసుకుని రెండో అవకాశాన్ని కూడా కంగారులో పారేసుకోవలసిన అగత్యం లేదు. స్లాటు ఎలా తీసుకోవాలి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి అన్నవి ఇంతదాకా వచ్చిన మీకు తెలిసినవే.

నేను చెప్పిన గుర్తులో లోపం ఏమిటంటే, అది నా బండికీ నా కూర్చునే తీరుకూ సరిపోయే గుర్తు. నేను సీటును స్టీరింగుకు బాగా దగ్గరగా జరుపుకుంటాను. మా ఇంట్లోవాళ్లు దాన్ని చూసి నవ్వుతారు, అయినా మానను. మీరు అదే సీటును నాలుగు మెట్లు వెనక్కి జరిపినా, అద్దాన్ని వేలెడంత కిందికి వంచినా, పోల్ కనిపించే చోటు మారిపోతుంది. డ్రైవింగ్ స్కూలు బండిలో బట్టీపట్టిన గుర్తు బావగారి బండిలో పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. పైగా స్కూలు బండిలో పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ల కింద కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి. మీరు చక్కగా తీశాననుకున్న రివర్సులో ఆయన పాదం ఎంత పనిచేసిందో మీకు తెలియదు.

ఇక అసలు చిక్కు. కారులో తిరిగేవి ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు ఎప్పుడూ సూటిగానే ఉంటాయి. ముందుకు వెళ్తూ మలుపు తిరిగినప్పుడు వెనక చక్రాలు లోపలి నుంచి కోసుకుంటూ వస్తాయి. సందు మలుపులో ఆర్టీసీ బస్సు ముందు భాగం సాఫీగా దాటిపోయాక వెనక టైరు రాతిగట్టు ఎక్కి దిగేది అందుకే. ఇంతవరకు అందరికీ తెలుసు. రివర్సులో ఇదే లెక్క తిరగబడుతుందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. వెనక్కి వచ్చే కారు ఒక విధంగా పడవతో సమానం: పడవకు చుక్కాని వెళ్లే దిక్కున కాకుండా వెనక చివరన ఉంటుంది, దాన్ని తిప్పితే ఆ చివర మొదట పక్కకు ఊగి, ఆ తరువాత పడవ తిరుగుతుంది. రివర్సులో మన ముందు చక్రాలే ఆ చుక్కాని. కుడివైపు పూర్తిగా తిప్పి వెనక్కి వచ్చినప్పుడు డిక్కీ కుడికి వెళ్తుంది, బానెట్టు ఎడమకు ఊగుతుంది.

ఎంత ఊగుతుంది? స్విఫ్ట్ వంటి చిన్న కారు స్టీరింగు పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు, దాని ముందు ఎడమ మూల మొదట నిలబడిన గీతకంటే దాదాపు ఒక మీటరు బయటికి పోతుంది. మీటరంటే చీపురుకట్ట పొడవు. ఆ మూల అన్నిటికంటే బయటికి పోయే క్షణం మలుపు మొదట్లోనూ రాదు, చివరనూ రాదు. బండి లంబకోణంలో సగానికి కాస్త తక్కువ తిరిగేసరికి వస్తుంది. సరిగ్గా ఆ సమయానికి నేర్చుకునేవారు కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తూ, లోపలి పోల్ తగలలేదన్న సంతోషంలో ఉంటారు. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి, ఎడమకు రివర్స్ తీస్తే ఊగేది ముందువైపు కుడి మూల, అది మన మోకాలి ముందే ఉండి కనిపిస్తుంది. కుడికి తీస్తే ఊగే ఎడమ మూల మనకు అన్నిటికంటే దూరంగా, బానెట్టు చాటున ఉంటుంది. అందుకే ముగ్గురికీ అదే మూల తగిలింది.

నన్ను నిజంగా విసిగించేది ఏమిటంటే, ఇంత జరిగినా "అయితే రివర్స్ కెమెరా ఉన్న బండి తీసుకుంటే సరిపోతుంది కదా" అని అడగడం. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సారు తప్పనిసరి అయింది. అది కూత పెట్టేది వెనక ఉన్నదాని కోసం. కెమెరా చూపించేదీ వెనకనే. మీకు తగిలినది ముందు మూల. తెరవైపు చూస్తున్న కొద్దీ ఆ మూల మీద నుంచి కళ్లు మరింతగా తప్పుతాయి.

కాబట్టి గుర్తు మరచిపోయి ఈ క్రమం పట్టుకోండి. కుడికి రివర్స్ తీయవలసి ఉంటే, ముందుగానే బండిని కుడి గీతకు దగ్గరగా, జానెడు ఎడం వదిలి నిలుపుకోండి. ఖాళీ అంతా ఎడమవైపు మిగలాలి. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్చు సగమే వదిలి, నడిచే మనిషికంటే నెమ్మదిగా వెనక్కి రండి. వెనక కుడి చక్రం మలుపు మూలను సమీపించినప్పుడు స్టీరింగు తిప్పి, లోపలి పోల్ దాటుతున్నదని అద్దంలో ఒక్కసారి నిర్ధారించుకున్న వెంటనే తల ఎడమ ముందు మూలవైపు తిప్పండి. అక్కడ ఎడం చాలదనిపిస్తే స్టీరింగును అర చుట్టు విప్పండి. పరీక్షలోని ఎనిమిది అంకె ఆకారపు ట్రాక్‌లో వెళ్లేది ముందుకే కనుక బయటి గీతను పట్టుకుని నడిపితే చాలు. ఎత్తు ఎక్కేచోట హ్యాండ్ బ్రేకు వాడండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడు మొదటి కారు. పై లెక్క అర్థమైనవారు షోరూములో ముందు అడగవలసినది మైలేజీ గురించి కాదు, వెడల్పు గురించి. ఆల్టో కె10 వెడల్పు 1490 మిల్లీమీటర్లు, వ్యాగన్ఆర్‌ది 1620, టాటా పంచ్‌ది 1742. ఆల్టోకూ పంచ్‌కూ ఉన్న పాతిక సెంటీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే గాని, పాత కాలనీలో రెండు వైపులా బైకులు నిలిపిన సందులో అది మీ సైడు అద్దం ధర. ఎత్తుగా కూర్చోబెట్టే బండిలో దారి బాగా కనిపిస్తుందన్నది నిజమే, కాని బానెట్టు ఎత్తయ్యే కొద్దీ దాని ముందు నేల కనిపించకుండా పోతుంది. బండి చూడడానికి వెళ్లినప్పుడు సేల్స్ కుర్రవాడు మిమ్మల్ని పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్లబోతాడు. వద్దని చెప్పి, ముందు షోరూము వెనక సందులో కుడికి రివర్స్ తీసి చూడండి.

నా మాట అడిగితే, మొదటి బండి నాలుగైదేళ్లు నడిచిన చిన్న పెట్రోలు కారే కావాలి, అదీ గేర్లు చేత్తో వేసుకునేదే. మొదటి గీత మీరే గీసినప్పుడు కొత్త బండి మీదైతే ఏడుపొస్తుంది, పాతదాని మీదైతే పాఠమొస్తుంది. ఆటోమేటిక్ కొనుక్కునేవారితో నాకు తగువు లేదు. పాత బండికి పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకోండి, అమ్మేవారు అప్పు మీద కొన్నదైతే అది తీరిందని చెప్పే ఫారం 35 తీసుకోండి, ఆర్‌సీ మీ పేరుకు మారేదాకా నిద్రపోకండి.

అభ్యాసం. ఆదివారం తెల్లవారగానే ఖాళీగా ఉన్న సిమెంటు నేల చూసుకుని, ఎల్ బోర్డులు తగిలించి, లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. బండి వెడల్పుకు రెండు రెట్ల ఎడంతో హెచ్ ఆకారాన్ని ముగ్గుపిండితో గీయండి. ఊగే మూల దగ్గర నీళ్లు నింపిన సీసా నిలబెట్టండి, రాయి పెట్టవద్దు. నాలుగు టైర్ల మీద బకెట్టెడు నీళ్లు పోసి, కుడికి ఒక్కసారి రివర్స్ తీసి, దిగి చూడండి: నేల మీద నాలుగు తడి చారలు కనిపిస్తాయి, ముందు చక్రాలవి వెనక చక్రాల చారలను దాటి బయటికి విల్లులా వంగి ఉంటాయి. ఎండ వాటిని ఆర్పేలోపు ఆ వంపు పక్కనే నడిచి అడుగులతో కొలవండి. ఆ తరువాత సీటు రెండు మెట్లు జరిపి మళ్లీ తీయండి, వేరొకరి బండిలో మళ్లీ తీయండి. ఇలా నలభైసార్లు, సీసా పడితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. నలభై పూర్తయిన రోజున స్లాటు తీసుకోండి.