పాత జిప్సీ పెట్రోల్ ఎక్కువ తాగుతోందా? ఇంజన్ విప్పే ముందు ఇవి చూడండి

బెంగళూరులో పాత మారుతి జిప్సీ నడిపే మనవాళ్లు ఎవరు కలిసినా మొదట వచ్చే మాట మైలేజీ. లీటరుకి ఎనిమిది కిలోమీటర్లే ఇస్తోంది, ఏడే ఇస్తోంది, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ మార్పించనా, ఇంజన్ పని చేయించనా అని అడుగుతారు. నేను అందరికీ చెప్పేది ఒక్కటే. మట్టిలో, రాళ్లలో తిరిగిన బండికి మైలేజీ చాలాసార్లు చక్రాల దగ్గరే పోతుంది, అందుకని పైసా ఖర్చు లేని చోట మొదలుపెట్టి, ఒక్కొక్కటే తేల్చుకుంటూ ఇంజన్ దాకా రండి. జిప్సీ పేరు చెప్తున్నా గానీ నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందించగల పాత పెట్రోల్ ఫోర్ బై ఫోర్ బండి దేనికైనా దాదాపు ఇదే వరస.

ముందు అసలు ఎంత ఇస్తోందో సరిగ్గా తెలియాలి. ఐదొందలకి కొట్టించి ముల్లు చూసి వేసే లెక్క లెక్కే కాదు, బండి కాస్త ఏటవాలుగా నిలబడినా ఆ ముల్లు మారిపోతుంది. ట్యాంకు ఫుల్ చేయించండి, నాజిల్ మొదటిసారి టక్‌మని ఆగిన చోటే ఆపించండి, రౌండ్ ఫిగర్ కోసం పైన ఇంకొంచెం పోయనివ్వొద్దు. సగం ట్యాంకు పైనే అయ్యాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్ దాకా నింపించి, తిరిగిన కిలోమీటర్లని ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇది ఊళ్లో ఒకసారి, హైవేలో ఒకసారి విడివిడిగా చేయాలి. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకే బండికి ఏ మెకానిక్కూ మైలేజీ తెప్పించలేడు. ఆదివారం తెల్లవారుజామున హెబ్బాళ దాటి చిక్కబళ్లాపురం వైపు 70 మీద నిలకడగా వెళ్లి రండి. అక్కడ బాగానే ఇచ్చి ఊళ్లో మాత్రమే పడిపోతుంటే చాలావరకు అది ట్రాఫిక్ ఖర్చే. రెండు చోట్లా పడిపోతే బండిలో వెతకాలి.

ఇంకో విషయం, టైర్లు పెద్దవి వేయించి ఉంటే మీ మీటరే మీకు తక్కువ చూపిస్తోంది. 205/70 ఆర్15 సైజు టైరు ఉన్న చోట 235/75 ఆర్15 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు పది శాతం పెరుగుతుంది, అంటే మీటరు మీద 300 కిలోమీటర్లు పడితే బండి నిజంగా తిరిగింది 329 దాకా ఉంటుంది. 30 లీటర్లు అయితే మీరు 10 అనుకుంటారు, నిజానికి అది 11కి దగ్గర. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని హైవేలో ఒక యాభై కిలోమీటర్లు పోల్చి చూడండి, ఈ లెక్క తేలకుండా ఏ పార్టూ కొనొద్దు. అలాగని పెద్ద టైర్లకి ఖర్చు లేదని కాదు. ఆ బరువు తిప్పడానికి, గరుకు మడ్ టైరుని రోడ్డు మీద దొర్లించడానికి పెట్రోల్ అవుతూనే ఉంటుంది, ఆ పట్టు కావాలనుకుంటే అంత తగ్గుతుందని ఒప్పుకోవాల్సిందే.

గాలి సంగతి. ఇసుకలోకి, రాళ్లలోకి దిగేటప్పుడు 15-18 పీఎస్ఐకి దించుతాం, వస్తూ వస్తూ దారిలో పంక్చర్ షాపులో అందాజుగా కొట్టించి వారమంతా ఆఫీసుకి అదే తక్కువ గాలితో తిరిగేస్తాం, మైలేజీ అక్కడా పోతుంది. సొంత గేజి ఒకటి కొనుక్కుని, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలోనూ కంపెనీ చెప్పినంత గాలి ఉందో లేదో చూడండి.

ఇప్పుడు చక్రాలు. ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే, చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే లేదా విడదీసే హబ్ లాక్‌లు ఉన్న బండి అయితే కిందికి వంగి రెండూ ఫ్రీ మీద ఉన్నాయో లేదో చూడండి. లాక్‌లోనే ఉండిపోతే మీరు వెనక చక్రాలతోనే నడిచే టూ వీల్‌లో నడుపుతున్నా ముందు యాక్సిల్స్, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ ఊరికే తిరుగుతుంటాయి. బురదలో మునిగిన హబ్ డయల్ ఫ్రీ చూపిస్తున్నా లోపల గ్రీజు గట్టిపడి విడవకపోవచ్చు. అందుకని చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పండి, యాక్సిల్ కూడా తిరుగుతోందంటే హబ్ విప్పి కడిగించి కొత్త గ్రీజు పెట్టించాలి.

చక్రం లేపారు కాబట్టి బ్రేకు కూడా అప్పుడే చూసేయండి, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ దొరికే దొంగ ఇదే. వెనక చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ముందు చక్రం తిప్పితే డిస్క్‌కి ప్యాడ్ సన్నగా రాసుకునే చప్పుడు రావడం మామూలే, కానీ చెయ్యి తీయగానే టక్కున ఆగిపోతే ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ పట్టేసినట్టు. క్యాలిపర్ జరిగే పిన్నులకి రబ్బరు తొడుగులు ఉంటాయి. అవి చిరిగితే కోలారు వైపు ఎర్రమట్టి నీళ్లతో కలిసి లోపలికి పోయి ఆరిపోతుంది, ఇక బ్రేకు వదిలినా ప్యాడ్ వెనక్కి రాదు. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకి వాడే గ్రీజే పెట్టి, తొడుగులు కొత్తవి వేయిస్తే చాలు, జేసీ రోడ్డులో అవి దొరకడం కష్టమేమీ కాదు. వెనక డ్రమ్ములో నిండిన మట్టి, మరీ బిగించిన హ్యాండ్‌బ్రేకు కేబుల్ కూడా ఇదే పని చేస్తాయి. జాకీ ఎత్తే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. బ్రేకు పెద్దగా వాడకుండా కాసేపు హైవేలో నడిపి, నెమ్మదిగా పక్కకి ఆపి నాలుగు రిమ్ముల మీదా కాసిన్ని నీళ్లు చిలకరించండి, ఒకదాని మీద మాత్రం నీళ్లు చుర్రుమంటే మీకు కావాల్సింది దొరికినట్టే. చెయ్యి మాత్రం పెట్టొద్దు, కాలుతుంది.

బరువు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వించి, ఇనప బంపరు, నిండు జెర్రీక్యాను, పైన క్యారియరు ఆఫీసుకి అక్కర్లేదు. హైవేలో క్యారియరు గాలికి అడ్డుపడే ఖర్చు వేగం పెరిగే కొద్దీ బాగా పెరుగుతుంది.

చక్రాలు తేలిగ్గా తిరుగుతున్నాయి, అయినా మైలేజీ లేదు, అప్పుడు బానెట్ ఎత్తండి. మొదట టెంపరేచర్ ముల్లు. పది పదిహేను నిమిషాలు నడిపినా అది కిందే ఉంటే, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, లేదా వేడెక్కుతోందని ఎవరో పీకి పారేశారు. మన దగ్గర ఇది చాలా బండ్లలో చేసేస్తారు, దయచేసి చేయనివ్వొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న) బండి పెట్రోల్ ఎక్కువే పోస్తుంది. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పాడై ఎప్పుడూ చల్లగానే ఉందని చెప్తున్నా అదే జరుగుతుంది.

పెట్రోల్ ఎక్కువ పోతోందో లేదో తేల్చడానికి చవకైన పరీక్ష ఎమిషన్ టెస్టు. సర్టిఫికెట్ మడిచి డాష్‌బోర్డులో పడేయకుండా కార్బన్ మోనాక్సైడ్ అంకె చూడండి. బీఎస్-2 కాలుష్య ప్రమాణం కంటే పాత పెట్రోల్ కార్లకి 3 శాతం దాకా ఒప్పుకుంటారు, బీఎస్-2, బీఎస్-3కి 0.5, బీఎస్-4కి 0.3. పాత కార్బురేటర్ బండి 2.8తో పాసైతే పాసే గానీ, మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై రిచ్‌గా పోతోందని ఆ కాగితమే చెప్తోంది. తర్వాత ప్లగ్గులు విప్పి చూడండి. లేత గోధుమ రంగు మంచిది, లాంతరు చిమ్నీకి పట్టినట్టు పొడి మసి ఉంటే రిచ్, నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. పొడి మసి అయితే ఎయిర్ ఫిల్టర్, పూర్తిగా తెరుచుకోని చోక్, కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టం చూసే ఫ్లోట్ లెవెల్, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలైన జెట్లు అరగడం, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండికి ఆ సెన్సర్, ఇలా వరసగా వెళ్లండి.

విజయవాడలోనో చెన్నైలోనో కొని తెచ్చుకున్న కార్బురేటర్ బండి అయితే ఇంకో సంగతి ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలి పలచన, కాబట్టి అక్కడ సరిగ్గా సెట్ చేసినదే ఇక్కడికొచ్చాక రిచ్ అవుతుంది. ఇక్కడ మళ్లీ ట్యూన్ చేయించాలి. అదే పనిలో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదున్న వాక్యూమ్ అడ్వాన్స్ (స్పార్కుని ముందుకి జరిపే భాగం) గొట్టం కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూయండి, పీల్చింది నిలవకుండా వదిలేస్తుంటే లోపలి డయాఫ్రమ్ చిరిగింది. హైవేలో మైలేజీ చప్పున పడిపోవడానికి ఇది పెద్ద కారణం, చాలామంది అసలు చూడరు.

పెట్రోల్ కూడా మునుపటిది కాదు, ఇథనాల్ కలిసి వస్తోంది. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్‌కి డిజైన్ చేసి ఈ10 (పది శాతం ఇథనాల్) కి సర్దిన కార్లకి ఈ20 (ఇరవై శాతం) తో 6-7 శాతం మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. అంతవరకు తగ్గితే మెకానిక్‌ని అనుమానించొద్దు. కానీ పాత రబ్బరు గొట్టాలకి ఇథనాల్ పడదు, ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి, పెట్రోల్ వాసన వస్తే మిగతావన్నీ ఆపి ముందు గొట్టాలు మార్పించండి, అది మైలేజీ కంటే ముందు ప్రాణానికి సంబంధించిన విషయం.

క్లచ్ చూడటం తేలిక. ఎత్తు ఎక్కుతూ నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతే టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించి, ఒక్కో సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టు అడగండి. బ్యాటరీ నిండుగా, ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్ అంకె మీరే పక్కన నిలబడి రాసుకోండి. ఒకటి బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిపించండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. ఆ కాగితం చేతిలో ఉన్నాకే ఇంజన్ పని ఎస్టిమేట్ అడగండి.