కాలిప్సో గానం – నాలుగవ పాఠం: వంతపాట

గత పాఠంలో ముఖ్యగాయకుని చరణాన్ని సాధన చేశాము. ఈసారి అతని వెనుక నిలిచి పల్లవి అందుకొనేవారి పనిని నేర్చుకుందాము. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కు చెందిన కాలిప్సో పాటను నేర్వదలచినవారు ముందుగా వంతగా నిలవాలని నా గట్టి నమ్మకం.

ట్రినిడాడ్‌లో ఈ గానం గుంపు గొంతుతోనే పెరిగింది. 19వ శతాబ్దంలో కార్నివాల్ అనే వీధి పండుగలో కర్రలతో తలపడే జట్టుకు ముందు 'షాంట్వెల్' అనే పాటగాడు నడిచి, ఎదుటి జట్టును సవాలు చేస్తూ ఒక వరుస పాడితే, వెంట ఉన్నవారందరూ పల్లవితో బదులు పలికేవారు. 1935లో గ్రెనడాలో పుట్టి పసితనంలోనే ట్రినిడాడ్ చేరిన స్లింగర్ ఫ్రాన్సిస్కో కూడా బడి వయసులో చర్చి బృందగానంలో పాడినవారే. ఆ పిల్లవాడే 'మైటీ స్పారో' పేరుతో 1956లో కార్నివాల్ గాన పోటీ విజేతకు దక్కే కాలిప్సో కింగ్ కిరీటం గెలిచి, 1992 నాటికి మొత్తం 8 సార్లు దానిని అందుకున్నారు. బృందంలో పాడినవారికి ఎదుటివారి గొంతును వింటూ పాడటం అలవడుతుంది. మనకు కావలసినది అదే.

సాధనకు 'సాండిమానితే' అనే పాత పల్లవి మాటను తీసుకుందాము. 'కనికరం లేకుండా' అనే అర్థమున్న ఫ్రెంచి పలుకుబడి ట్రినిడాడ్ నాలుకపై ఇలా మారింది. గాయకులు ఆశువుగా ఒకరినొకరు ఎత్తిపొడుచుకొనే పోటీలలో ప్రతి చరణమూ దీనితోనే ముగుస్తుంది.

నాలుగు దెబ్బల తాళం నెమ్మదిగా వేస్తూ, 'తే' అనే అక్షరం మొదటి దెబ్బపై పడేటట్లు పది సార్లు పలకండి. తరువాత శ్రుతి పెట్టుకొని, ఒకరు ముఖ్యగాయకుని స్వరంలోనే, మరొకరు దానిని షడ్జమంగా భావించి పై గాంధారంలో పాడండి. ఈ పాత వరుసలు మైనర్ స్కేలులో సాగుతాయి కనుక కర్ణాటక సంగీతంలో 'సాధారణ గాంధారం' అనే తగ్గు గాంధారాన్నే పట్టాలి. దానికంటే అర స్వరం హెచ్చైన అంతర గాంధారం పలికితే పాట రంగే మారిపోతుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి ఈ భాగానికి రెండు రోజులు కేటాయించండి.

ఇక ముగింపు. ఆశువుగా పాడే గాయకుడు పల్లవి సాగే ఆ కొద్ది క్షణాలలోనే తరువాతి చరణాన్ని కూర్చుకుంటాడు. అందువల్ల వంతవారు 'తే'ను రెండు దెబ్బలకు మించి లాగకుండా, అందరూ ఒకేసారి ఆపి, అతనికి చోటు విడవాలి. మీ పాటను ఫోనులో రికార్డు చేసి, రెండు గొంతులూ ఒకే దెబ్బ వద్ద ఆగుతున్నాయో లేదో వినండి. అవి కలిసే వరకు ఐదవ పాఠానికి వెళ్లవద్దు.