న్యూట్రల్ దేశానికి ఖరీదైన ఫైటర్ జెట్లు కావాలా? లెక్క ఇలా వేసి చూడండి

విమానం పేరుతో మాత్రం మొదలెట్టకండి, ఎఫ్-35 గొప్పదా గ్రిపెన్ గొప్పదా అన్న గొడవలోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ముందు మ్యాప్ తీయండి.

ఏ యుద్ధంలోనూ ఎవరి పక్షమూ పట్టని, అంటే న్యూట్రల్ అయిన స్విట్జర్లాండ్‌నే చూద్దాం. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 220 కిలోమీటర్లు, ప్యాసింజర్ జెట్ గంటకి దాదాపు 900 పోతుంది, అంటే నిమిషానికి 15, ఇటు దూరి పావుగంటలో అటు బయటపడుతుంది. అక్కడ డ్యూటీలో ఉన్న ఫైటర్లు గాల్లోకి లేవడానికి పెట్టుకున్న గడువు కూడా 15 నిమిషాలే! పక్క దేశాల నుంచి ముందే కబురు రాకపోతే ఎంత గొప్ప జెట్ కొన్నా లాభం లేదు.

తర్వాత డ్యూటీ టైమింగ్స్ చూడండి, అసలు కథ ఇక్కడే ఉంది. 2014 ఫిబ్రవరి 17న ఇథియోపియన్ విమానాన్ని దాని కో-పైలటే హైజాక్ చేసి తెల్లవారుజామున జెనీవాలో దించాడు. స్విస్ వాళ్ళ దగ్గర ఎఫ్/ఏ-18 ఫైటర్లు ఉన్నాయి, కానీ ఆఫీస్ టైమ్ ఇంకా మొదలవ్వలేదు (నిజంగానే!), తోడొచ్చినవి ఇటలీ, ఫ్రాన్స్ జెట్లు. 2020 చివరికల్లా 24 గంటల డ్యూటీ పెట్టారు, అదీ ఆ పాత ఎఫ్/ఏ-18లతోనే. అంటే కొరత మనుషులది, షిఫ్టులది, విమానాలది కాదు.

ఇప్పుడు ఎయిర్ పోలీసింగ్, అంటే శాంతి సమయంలో ఆకాశానికి కాపలా కాయడంలో పనేంటో రాసుకోండి. వేగంగా పైకెక్కాలి, వెనకనుంచి అందుకుని పక్కకి రావాలి, రిజిస్ట్రేషన్ నంబర్ చదవాలి, 121.5 ఎమర్జెన్సీ రేడియో ఫ్రీక్వెన్సీలో పిలవాలి, పలకకపోతే రెక్కలు ఊపి సైగ చెయ్యాలి. ఇంకో న్యూట్రల్ దేశం ఐర్లాండ్ దగ్గరున్న పీసీ-9 ప్రొపెల్లర్ విమానాల వేగం గంటకి 600 కిలోమీటర్ల లోపే, కాబట్టి వాటితో అయ్యే పని కాదు, జెట్ కావాల్సిందే. రాడార్‌కి కనబడకుండా దాక్కునే స్టెల్త్ దేనికి మరి? ఇక్కడ అవతలివాడికి కనబడటమే కదా మన పని.

యుద్ధం సంగతి మాత్రం వేరే కాలమ్‌లో పెట్టండి. 1907 హేగ్ ఒప్పందాల ప్రకారం న్యూట్రల్ దేశం తన భూభాగాన్ని యుద్ధం చేసేవాళ్ళు వాడుకోనివ్వకూడదు, వచ్చేది మిలిటరీ జెట్ అయితే పాతవి సరిపోకపోవచ్చు. స్విస్ ప్రభుత్వం 2020లో 600 కోట్ల ఫ్రాంకుల వరకు ఖర్చుకి ప్రజల ఓటింగ్‌లో 50.1 శాతంతో అంచుమీద ఓకే చెప్పించుకుని, మరుసటి ఏడాది 36 ఎఫ్-35ఏలు ఎంచుకున్నారు. నన్నడిగితే ఆ ఖర్చుకి జవాబు ఈ రెండో కాలమ్‌లోనే వెతకాలి, ఎయిర్ పోలీసింగ్ కాలమ్‌లో ఎంత వెతికినా దొరకదు.