మోచేయి కూర్చుంది, మరి ఎందుకు వంగట్లేదు?

ఆటలో మోచేయి కీలు తప్పిందనగానే అందరికీ గుర్తొచ్చేది గుంజడమే. హన్మకొండ జేఎన్ స్టేడియమైనా, ఊళ్లో సంక్రాంతి కబడ్డీ అయినా అదే తంతు. చెయ్యి గుంజే ముందు మణికట్టు దగ్గర నాడి అందుతోందా, వేళ్లకు స్పర్శ తెలుస్తోందా చూడండి, కీలును దాని చోట కూర్చోబెట్టాక మళ్లీ చూడండి. పది సెకన్ల పని, అయినా కేస్ షీట్‌లో ఆ గడి ఖాళీగానే వస్తుంది. నాడి అందక చెయ్యి చల్లబడుతుంటే అసలు ఆలస్యం వద్దు, నేరుగా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికే.

తప్పిందా, విరిగిందా? మోచేయి వంచినప్పుడు వెనక కొన, రెండు పక్కల గుబ్బలు కలిసి త్రిభుజంలా తగలాలి. అది చెదిరితే సాధారణంగా కీలు తప్పినట్టే. త్రిభుజం బాగుండి దానిపైన వంకర కనిపిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, ఎముక విరిగి ఉంటుంది.

ఇక అసలు తిప్పలు పెట్టేది ఇది: కీలు కూర్చుంది, ఆకారం బాగుంది, కానీ వంచి చాపుతుంటే మధ్యలో ఏదో అడ్డుపడుతోంది, చిటికెన వేలికి తిమ్మిరి. "వాపు తగ్గినంక వంగుతది తియ్ సార్" అంటారు ఇంటోళ్లు. వంగదు. స్కూల్ టీముల్లో ఆడే వయసులో లోపలి గుబ్బ ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు, కీలు తప్పేటప్పుడు లిగమెంటూ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) కండరాలూ దాన్ని ఊడబీకుతాయి, కూర్చోబెట్టేటప్పుడు ఆ ముక్క కీలు మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనకే పోయే నరం నలిగితే చిటికెన వేలు మొద్దుబారుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరిగిన గీత కోసం వెతికితే దొరకదు, గుబ్బ దాని చోట ఉందా అని చూడాలి. ఆ గుబ్బ ఎముక 5-7 ఏళ్లకే ఎక్స్‌రేలో కనపడుతుంది, పక్కనున్న ట్రోక్లియా (పై చేయి ఎముక కింది చివర లోపలివైపు కీలు భాగం) 9 ఏళ్ల ప్రాంతంలో. అంటే ట్రోక్లియా కనపడుతూ గుబ్బ కనపడకపోతే, మీరు ట్రోక్లియా అనుకుంటున్నది జారిపోయిన గుబ్బే. అనుమానముంటే రెండో మోచేతికీ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టండి. ముక్క ఇరుక్కుందంటే బలవంతంగా వంచొద్దు. చాలావరకు ఆపరేషన్ చేసి ముక్కను కీలులోంచి తీసి దాని చోట స్క్రూతో బిగించాల్సిందే.

కీలు ముందుకు తప్పడం, ముంజేతి రెండు ఎముకలూ విడిపోవడం చాలా అరుదు, సర్జన్ చూసుకుంటారు. పెద్దవాళ్లలో రేడియల్ హెడ్, కోరోనాయిడ్ (మోచేయి కీలులో ముంజేతి ఎముకల పై చివరి భాగాలు) కూడా విరిగాయని అనుమానముంటే సీటీ స్కాన్ తీయించండి.

ఏ ముక్కా విరగని మామూలు కేసులో కట్టు వారం, మహా అయితే రెండు వారాలు. మూడు వారాలు దాటితే కీలు బిగుసుకుంటుంది. కట్టు విప్పాక ఆటగాడే మెల్లగా వంచి చాపాలి. నూనె రాసి గట్టిగా పిసికించారో, కండరంలో ఎముక పెరిగే ప్రమాదం ఉంది.